బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి పరీక్ష

పరీక్ష యనగానే మనకు కాగితము, కలము, గడియారము జ్ఞప్తికి వచ్చును. కాని కలముతో పనిలేని పరీక్షలు కూడ లోకమున కలవు. ఈత వచ్చినదో రాలేదో చెరువు చెప్పును. వంట వచ్చినదో రాలేదో విస్తరిముందు కూర్చున్నవాడు చెప్పును. అట్టి పరీక్షలలో ఒకటి మోటారు వాహనమును నడుపుటకు అనుమతి కోరువారు ఇయ్యవలసిన పరీక్ష.

ఈ పరీక్షను జరుపు అధికారికి ప్రభుత్వమువారు పెట్టిన పేరు మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు. మన జనులు మాత్రము ఆయనను చాలకాలముగా 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని పిలుచుచున్నారు. ఆ పిలుపులో లోతైన అర్థము కలదు. బండిలో ఎన్నో భాగములుండగా ప్రజలు బ్రేకునే ఏరి ఆయన పేరునకు చేర్చినారు. బండిని పరుగెత్తించుట గొప్ప కాదు, తగినచోట ఆపుటయే గొప్ప యని వారి అభిప్రాయము కాబోలును. ఆ పరీక్షకు నేను స్వయముగా పోయి వచ్చిన తరువాత ఆ పేరు ఎంత తగినదో నాకు బోధపడినది.

మోటారు బండ్లు మన దేశములో వ్యాపింపసాగిన తొలినాళ్ళలోనే వానిని నడుపువారికి కట్టుబాట్లు అవసరమైనవి. 1914లో భారతీయ మోటారు వాహనముల చట్టము వచ్చెను. దాని స్థానమున 1939లో మరియొకటి వచ్చెను. ఇప్పుడు అమలులోనున్నది 1988 నాటి చట్టము. అది 1989 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఇంగ్లండు దేశములో 1903 నాటి చట్టము ప్రకారము రుసుము చెల్లించినవారికి పరీక్ష లేకయే లైసెన్సు లభించెడిది. రోడ్లమీద ప్రాణములు కోల్పోవువారి సంఖ్య పెరిగి ప్రజలు కలత చెందిన పిమ్మట, 1935లో అచ్చట క్రొత్తగా నేర్చినవారికి పరీక్ష తప్పనిసరియైనది. కావున ఈ పరీక్ష ఊసుపోక కల్పించినది కాదు. ఎందరో అమాయకులు రోడ్డుమీద ప్రాణములు విడిచిన తరువాత పుట్టినది.

పరీక్షకు ముందొక చిన్న పరీక్ష కలదు. రోడ్డు గుర్తులు, దారి నియమములు తెలిసినవో లేవో కంప్యూటరుమీద ప్రశ్నలడిగి తెలిసికొందురు. నూటికి అరువదివంతులు సరియైన సమాధానములు చెప్పినవారికి అభ్యాసకుని లైసెన్సు నిచ్చెదరు. అది ఆరు నెలలవరకు చెల్లును. ఆ కాలములో బండికి ముందును వెనుకను తెల్లని పలకమీద ఎఱ్ఱని 'ఎల్' అక్షరము అంటించుకొనవలెను. కారు నేర్చువాని ప్రక్కన లైసెన్సు గలవాడొకడు కూర్చుండి తీరవలెను. అభ్యాసకుని లైసెన్సు పుచ్చుకొన్న ముప్పది దినములు గడచినగాని అసలు పరీక్షకు రానీయరు. చేతులకును కాళ్ళకును విద్య పట్టువడుటకు ఆ మాత్రపు గడువు అవసరము.

ఇక వయస్సు మాట. గేర్లు లేని, 50 సి.సి.కి మించని మోటారు సైకిలునకు పదునారేండ్లు నిండవలెను. రవాణా వాహనములు కాని తక్కిన బండ్లకు పదునెనిమిదేండ్లు నిండవలెను. ఎనిమిదవ తరగతి చదువు మీలో కొందరు, "మా నాన్నగారి స్కూటరు నాకు నడుపుట వచ్చును" అని తోటివారితో చెప్పుకొనుచుందురు. నడుపుట వచ్చుట వేరు, నడుపుటకు అర్హుడగుట వేరు. 2019లో జరిగిన చట్టసవరణ ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసినయెడల సంరక్షకునికి ఇరువదియైదు వేల రూపాయల జుల్మానాయు, మూడేండ్లవరకు కారాగారవాసమును పడవచ్చును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు ఇయ్యరు. ఒక్క సాయంకాలపు సరదాకు ఇది చాల పెద్ద మూల్యము.

నేను నలువదేండ్లు దాటిన పిమ్మట ఈ పరీక్షకు పోయితిని. ముందుగా నిర్ణయించుకొన్న వేళకు అభ్యాసకుని లైసెన్సును, బండి రిజిస్ట్రేషను, భీమా, కాలుష్య తనిఖీ పత్రములను వరుసగా అమర్చుకొని మైదానమునకు చేరితిని. అచ్చట వేపచెట్టు నీడను అన్ని వయస్సులవారును నిలిచియుండిరి. కళాశాల విద్యార్థులు, ఒక వైద్యురాలు, చేతిలో శిరస్త్రాణము పట్టుకొన్న ఒక గృహిణి, మేస్త్రీ పని చేయు ఇద్దరు అన్నదమ్ములు. నా ముందు వరుసలో నిలిచినవాడు ఒకప్పుడు నావద్ద లెక్కలు నేర్చిన శిష్యుడే. అతడు నన్ను చూచి తత్తరపడి, "మాస్టారూ, మీరు ముందు నిలబడండి" అనెను. "వద్దు నాయనా, ఇక్కడ మనమిద్దరము ఒక్క తరగతివారమే" అంటిని. అతడు నవ్వి, మెల్లగా, "భయపడకండి మాస్టారూ. క్లచ్చి ఒక్కసారిగా వదలవద్దు" అని నాకు పాఠము చెప్పెను. శిష్యునివలన పాఠము వినుటకంటె ఉపాధ్యాయునికి వేరు సంతోషమేమి గలదు?

పరీక్ష ఇంజను మ్రోగకముందే ప్రారంభమగునని చాలమందికి తెలియదు. సీటు సరిచేసికొనుట, వెనుకదారి కనబడునట్లు అద్దములను త్రిప్పుకొనుట, బెల్టు పెట్టుకొనుట, చేతిబ్రేకు వేసియున్నదా, గేరు తటస్థముగా నున్నదా యని చూచుట, ఇవి యన్నియు అధికారి కంటబడుచునే యుండును. ద్విచక్ర వాహనమువారు శిరస్త్రాణమును ధరించి గడ్డము క్రింది పట్టీ బిగించుకొనవలెను. తొందరలో తాళపుచెవి త్రిప్పి దుమికించువాడు ఆదిలోనే తన స్వభావమును చాటుకొనును. చెప్పిన మాట సావధానముగా విని, అర్థము కానియెడల మరల అడిగినవానిని ఎవరును తప్పు పట్టరు.

తరువాత మైదానములో గీసిన బాటలు. ద్విచక్ర వాహనములవారు సాధారణముగా 8 అంకె ఆకారముగల దారిలో కాలు నేల మోపక తిరిగి రావలెను. వినుటకు ఇది సులభము. కాని కుడివైపు తిరుగుచున్న బండిని నడుమ నిలువుగా చేసి వెంటనే ఎడమవైపు వంపవలెను. వేగముగా పోయినచో బండి గీత దాటును. మరీ మెల్లగా పోయినచో ప్రక్కకు ఒరగును. రెంటికిని నడుమనున్న సన్నని దారియే ఈ విద్య.

కారువారికి ఇంగ్లీషు అక్షరమైన 'హెచ్' ఆకారపు బాట ఉండును. ముందునకు పోయి, వెనుకకు వచ్చి, అడ్డుదారిగుండ రెండవ నిలువుదారిలోనికి మరలవలెను. 'ఎస్' ఆకారపు వంకరదారిలో వెనుకకు నడుపుటయు కలదు. ఇరుప్రక్కల గట్లుగాని, కొయ్యలుగాని ఉండును. వానిని తాకరాదు. వెనుకకు నడుపునపుడు మనము చక్రమును త్రిప్పిన దిక్కునకే బండి వెనుకభాగము పోవును, ముందుభాగము మాత్రము ఎదుటి దిక్కునకు ఊగును. క్రొత్తవారు వెనుకనే చూచుచు ముందుభాగమును గట్టునకు తగిలింతురు. కన్ను ఒక్కచోట నాటుకొనరాదని ఈ బాట నేర్పును. కొన్ని నగరములలో ఇప్పుడు కెమెరాలును, తాకిడిని పసిగట్టు యంత్రములును ఈ బాటలకు కాపలా కాయుచున్నవి. మనుష్యుడు చూచినను, యంత్రము చూచినను గీత గీతయే.

వీనియన్నిటిలో కఠినమైనది మిట్ట. ఏటవాలుగా కట్టిన చిన్న వంతెనవంటి దారిమీద సగమువరకు ఎక్కి బండిని ఆపవలెను. మరల కదలించునపుడు అది వెనుకకు జారరాదు. ఇందుకు క్లచ్చి పనిచేయు తీరు తెలియవలెను. ఇంజను తన పాటికి తాను తిరుగుచుండును. ఆ తిరుగుడును చక్రములకు కలుపునదియు, విడదీయునదియు క్లచ్చియే. తొక్కినచో సంబంధము తెగును, వదలినచో కలియును. మెల్లగా వదలుచుండగా నడుమ ఒకచోట రెండు పలకలును అంటీ అంటనట్లు రాచుకొని, బండి సన్నగా వణకి, ముందునకు లాగసాగును. ఆ క్షణమునందే చేతిబ్రేకును దింపి, పాదముతో ఇంధనమును కొంచెము పెంచవలెను. ముందుగా దింపినచో బండి వెనుకకు జారును. ఆలస్యమైనచో ఇంజను ఆగిపోవును. చెవికిని, చేతికిని, పాదమునకును ఏకాభిప్రాయము కుదిరినగాని మిట్టమీద బండి నిలువదు.

నా వంతు ముగించుకొని చెట్టుక్రిందికి వచ్చునప్పటికి, ఇరువదియొక్క యేండ్ల యువకుడొకడు ఆ మిట్టపై నుండెను. అతడు 'హెచ్' బాటను మెచ్చుకొనదగినట్లు నడిపెను. కాని మిట్టమీద బండి మొదటిసారి ఆగిపోయెను. రెండవసారి మూరెడు, మూడవసారి బారెడు వెనుకకు జారెను. అధికారి కోపగింపక, "చేయి తొందరపడుచున్నది. అభ్యాసము చేసి రావోయి" అని కాగితముమీద వ్రాసికొనెను. నియమము ప్రకారము తప్పినవారు ఏడు దినములు గడచినగాని మరల రారాదు. మూడుసార్లు తప్పినవారు అరువది దినములు ఆగవలెను.

ఆ యువకుని ముఖము వాడిపోయినది. పాలకేంద్రమువారి వాను నడుపు పని అతనికి సిద్ధముగా నున్నదట. లైసెన్సు చూపినగాని పనిలో చేర్చుకొనరట. ఏడు దినములలో ఆ పని మరియొకనికి పోవచ్చును. అతనివెంట తండ్రి వచ్చియుండెను. తలపాగా చుట్టుకొని, ఎండకు కమిలిన దేహముతోనున్న ముసలి రైతు. ఇంతలో తెల్లని చొక్కా తొడిగిన మనిషి యొకడు వారిని సమీపించి, గొంతు తగ్గించి, "ఏడు రోజులు ఎందుకయ్యా? కొంచెం ఖర్చు పెట్టుకో, పని నేను చూసి పెడతాను" అనెను. యువకుడు ఆశతో తండ్రివైపు చూచెను. ఆ తండ్రి వెంటనే ఏమియు అనలేదు. మిట్టవైపు ఒకమారు చూచి, పిమ్మట కుమారునితో నిట్లనెను:

"ఒరే అబ్బాయీ, నేను ముప్పై ఏళ్ళు ఎడ్లబండి తోలాను. చెరువుకట్ట ఎక్కేటప్పుడు ఎడ్లు అలిసి ఆగితే, బండి దిగి చక్రం వెనకాల రాయి పెట్టేవాళ్ళం. రాయి పెట్టకుండానే పెట్టానని చెబితే బండి ఆగుతుందా? కాగితం మీద ఆగితే కట్ట మీద ఆగుతుందా? వెనకాల సైకిలు మీద వచ్చేది ఎవరి బిడ్డో మనకేం తెలుసు? పద, ఇంటికి పోదాం. రేపటినుంచి నేర్చుకో."

తెల్లచొక్కా మనిషి మెల్లగా తప్పుకొనెను. తండ్రీకొడుకులు మాటలాడక బస్సు స్టాండువైపు నడచిపోయిరి. ఆ ముసలి రైతు బడికి పోయిన గుర్తులు లేవు. అయినను మోటారు వాహనముల చట్టములోని సారమంతయు ఆయన నాలుగు మాటలలో చెప్పివేసెను. చేతిబ్రేకనగా చక్రము వెనుక రాయియే. ఆ రాయి ఉన్నదో లేదో కనుగొనుటయే బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి పని. లేని రాయిని ఉన్నదని వ్రాయించుకొనువాడు అధికారిని మోసగించుట లేదు, తన వెనుక వచ్చు బిడ్డను మోసగించుచున్నాడు.

ఆ యువకుని నేను మరల చూచితిని. అతడు చెరువుకట్ట మిట్టమీద వారము దినములు తెల్లవారుజామున అభ్యాసము చేసి, రెండవ పర్యాయము గెలిచెనట. పాలకేంద్రపు పని మాత్రము అప్పటికే మరియొకనికి పోయినది. నాలుగు నెలలు కూలిపని చేసిన తరువాత కూరగాయలు చేరవేయు వానుమీద అతనికి పని దొరకినది. నిజాయితీకి వెంటనే బహుమానము లభించునని మీకు చెప్పుట నాకు ఇష్టము లేదు. ఒక్కొక్కప్పుడు దానికి మనమే వెల చెల్లింపవలెను. కాని ఇప్పుడతడు మా పాఠశాల ముందరి ఏటవాలు దారిలో పిల్లలు దాటువరకు వాను నాపినపుడు, ఆ వాను అంగుళమైనను వెనుకకు జారదు.

బాటలయందు నెగ్గినవారిని కొందరిని రోడ్డుమీదను నడిపించి చూతురు. ఎడమప్రక్కనే పోవుచున్నాడా, మలుపునకు ముందు అద్దము చూచుచున్నాడా, సంజ్ఞ చేయుచున్నాడా, కూడలివద్ద వేగము తగ్గించుచున్నాడా యని గమనింతురు. దీపపు సంజ్ఞ పనిచేయనపుడు చేతితో సంజ్ఞ చేయుట తెలియవలెను. కుడివైపు మరలుటకు కుడిచేతిని అడ్డముగా చాపవలెను. వేగము తగ్గించుటకు అరచేయి నేలవైపు ఉంచి చేతిని పైకి క్రిందికి మెల్లగా ఆడింపవలెను.

ఈ పరీక్షలో వేగముగా పోవుమని అడుగువారు లేరు. కారణము లెక్కలు చెప్పును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకండులో దాదాపు 17 మీటర్లు పోవును. వాలీబాలు ఆటస్థలము పొడవు 18 మీటర్లు. అపాయమును కన్ను చూచి, మనస్సు గ్రహించి, పాదము బ్రేకును చేరుటకే సుమారొక సెకండు పట్టును. అంతలోనే బండి ఆటస్థలమంత దూరము దాటిపోవును. బ్రేకు పని అటుపిమ్మటనే ఆరంభమగును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును.

ఈ లెక్కను మరచుటవలన కలుగు ఫలితమును ప్రభుత్వము ఏటేట ప్రకటించుచునే యున్నది. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు నాలుగువందల అరువదిమందికి పైగా. ఆ ప్రమాదములలో నూటికి డెబ్బదికి మించినవి మితిమీరిన వేగమువలన కలిగినవే. మరణించినవారిలో ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరు కాలినడకన పోవువారు. వారికి బండి లేదు, వేగము లేదు. అయినను ఇతరుల వేగమునకు వారు బలియైరి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 15వ నియమము ఈ పరీక్షలో చూడవలసిన నేర్పులను ఒక పట్టికగా చెప్పుచున్నది. అద్దము సరిచేసికొనుటతో ఆ పట్టిక ప్రారంభమగును. గేర్లు, బ్రేకులు, మిట్టలు, మలుపులు అన్నియు వరుసగా వచ్చును. పట్టిక చివరకు వచ్చునప్పటికి ఆశ్చర్యము గొలుపు విషయములు కనబడును. పాదచారులు, సైకిలువారు ఏమి చేయబోవుచున్నారో ముందుగా ఊహింపగల శక్తి, పరధ్యానము లేని సమయస్ఫూర్తి, కట్టకడపట ఇతరులయెడ మర్యాద, వారి క్షేమమునందు శ్రద్ధ! నియమములు వ్రాసినవారు యంత్రముతో మొదలుపెట్టి మనుష్యునితో ముగించినారు.

బ్రేకును పది నిమిషములలో పరీక్షింపవచ్చును. మర్యాదను అంత త్వరగా పరీక్షించు మైదానము ఎచ్చటను లేదు. పరీక్షనాడు అధికారి ప్రక్కనుండగా ప్రతివాడును మర్యాదస్థుడే. వర్షము కురియు రాత్రి, ఒంటరి దారిలో, ఆలస్యమైన వేళ ముందుపోవు ముసలివాని సైకిలు వెనుక ఓపికతో నడుపునపుడు ఆ కడపటి నేర్పు బయటపడును. అప్పుడు మార్కులు వేయువారుండరు. తప్పినవారికి ఏడు దినముల గడువు కూడ ఉండదు.

మీరు ఇంకను కొన్నియేండ్లకు గాని ఈ పరీక్షకు పోరు. కాని నేడు కాలినడకను, సైకిలుమీదను బడికి వచ్చు మీరే ఆ కడపటి ప్రశ్నకు పరీక్షాధికారులు. ఎవరు మీకు దారి ఇచ్చిరో, ఎవరు మీమీద బురద చిమ్మి పోయిరో మీకు బాగుగ తెలియును. ఆ రెండింటిని జ్ఞాపకముంచుకొనుడు. రేపు చక్రము మీ చేతికి వచ్చినపుడు ఆ జ్ఞాపకమే మీ బ్రేకునకు బలమగును.